ఓవర్‌ట్రెయినింగ్, బర్నౌట్, గాయం, నీరసం: ఆటగాళ్ళ అలసటలో ఏది ఏది?

2025లో ఇంగ్లండ్‌తో జరిగిన అయిదు టెస్టుల సిరీస్ పుణ్యమా అని ‘వర్క్‌లోడ్’ (ఆటగాడి మీద పడే భారం) అనే మాట ఇంటింటికీ చేరిపోయింది. బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని సిరీస్‌కి ముందే చెప్పారు, చెప్పినట్టే మూడే ఆడాడు. మన హైదరాబాదీ సిరాజ్ మాత్రం అయిదుకి అయిదూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీసి, ఓవల్‌లో ఆఖరి రోజు 6 పరుగుల తేడాతో మ్యాచ్ చేతికి తెచ్చాడు. ఇంకేముంది, వాదన మొదలు. ఈ వర్క్‌లోడ్ అన్న మాటే భారత క్రికెట్ నిఘంటువులోంచి పోవాలన్నట్టు గవాస్కర్ మాట్లాడారు, అవునవును అన్నవాళ్ళు కోకొల్లలు. ఇంకో పక్కన, బుమ్రా లాంటి బౌలర్ని అరగదీసి పారేస్తారా అని కోప్పడినవాళ్ళూ ఉన్నారు.

గమ్మత్తేంటంటే రెండు పక్కలవాళ్ళూ ‘అలసట’ అనే ఒకే మాట వాడుతూ వేర్వేరు సంగతుల గురించి మాట్లాడారు. బుమ్రా గొడవ ప్రధానంగా వీపుది. 2019లో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నని చీలిక), 2022లో అదే వీపు వల్ల టీ20 ప్రపంచకప్‌కి దూరం, 2023లో సర్జరీ, 2025 జనవరిలో సిడ్నీ టెస్టు మధ్యలో మళ్ళీ వీపు. ఆ ఆస్ట్రేలియా పర్యటనలో అతను టెస్టుల్లో 150కి పైగా ఓవర్లు వేశాడు. అక్కడ ప్రశ్న మనిషికి ఓపిక ఉందా లేదా అని కాదు, ఆ ఎముక ఇంకెంత దెబ్బ కాస్తుందని. సిరాజ్ వెయ్యగలిగాడు కాబట్టి బుమ్రా కూడా వెయ్యాలనడం నాకైతే అర్థంలేని పోలికగానే కనిపించింది. యాక్షన్ వేరు, వీపు వేరు, అంతకుముందు నెలల్లో పడ్డ భారం వేరు. ఆ ఏడాది ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్‌కి చోటే దక్కలేదన్నది కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

గాయం ఒకటి, ఓవర్‌ట్రెయినింగ్ ఇంకొకటి, తిండి చాలకపోవడం మరొకటి, బర్నౌట్ పూర్తిగా వేరొకటి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి: ఆట పడిపోతుంది. ఇంట్లోవాళ్ళు దిష్టి తగిలిందంటారు, కోచ్ బద్ధకం అంటాడు, కామెంటరీలో ఫామ్ పోయిందంటారు. కానీ విశ్రాంతి ఇస్తే ఒకటి వారంలో తగ్గుతుంది, ఒకటి ఏడాదైనా తగ్గదు, ఒకటి విశ్రాంతితో అసలు తగ్గనే తగ్గదు. తేడా తెలియాల్సింది అందుకే.

ప్రాక్టీస్ వల్ల ఒంట్లో ఏం జరుగుతుంది

ప్రాక్టీస్ చేస్తే బలం పెరుగుతుందంటాం. నిజానికి ప్రాక్టీస్ అయ్యాక గ్రౌండ్‌లోంచి బయటికి వచ్చే మనిషి, లోపలికి వెళ్ళిన మనిషికంటే బలహీనుడు. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం ఖర్చయిపోయి ఉంటుంది, కండరపు పోగుల్లో సూక్ష్మంగా చిరుగులు ఉంటాయి, నరాలు అలిసి ఉంటాయి. తర్వాత తిని, పడుకుని, లేచే క్రమంలో శరీరం ఆ నష్టాన్ని పూడ్చుకోవడమే కాకుండా పాత స్థాయికంటే కాస్త ఎక్కువ కట్టుకుంటుంది. పెరిగేదంతా అక్కడే. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందో రాసినప్పుడు మూడు దశలు చెప్పాడు: మొదట కంగారు, తర్వాత తట్టుకోవడం, ఒత్తిడి ఆగకపోతే చివరికి చేతులెత్తేయడం. ఆయన చూసింది ఎలుకల్ని, ఆటగాళ్ళని కాదు. అయినా ట్రెయినింగ్ సిద్ధాంతం చాలావరకు ఆ ఆలోచన మీదే నిలబడింది.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఒంట్లో అన్నీ ఒకే వేగంతో బాగుపడవు. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముకలకి, స్నాయువులకి నెలలు కావాలి. కానిస్టేబుల్ ఉద్యోగాలకి తయారయ్యే కుర్రాళ్ళలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలన్నారు, అంటే కిలోమీటరుకి దాదాపు నాలుగున్నర నిమిషాలు. రాతపరీక్ష కోసం నెలల తరబడి కుర్చీకి అతుక్కుపోయినవాడు, ప్రిలిమ్స్ రిజల్ట్ రాగానే రోజూ పొద్దునా సాయంత్రం పరుగు మొదలుపెడతాడు. మూడో వారానికి ఊపిరి అందడం మొదలవుతుంది, టైమింగ్ తగ్గుతుంది, ఇంకా ఉత్సాహంగా దూరం పెంచుతాడు. సరిగ్గా అప్పుడే మోకాలి కింద ముందెముక నొప్పి మొదలవుతుంది. దీన్ని ఓవర్‌ట్రెయినింగ్ అనరు, భారం తట్టుకోలేక వచ్చిన గాయం అంటారు. మనిషి హుషారుగానే ఉన్నాడు, ఎముకే వెనకబడింది.

మామూలు అలసటకీ ఓవర్‌ట్రెయినింగ్‌కీ మధ్య ఉన్న మెట్లు

2013లో యూరోపియన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్ సైన్స్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన ఇచ్చాయి. ఇప్పటికీ వైద్యులు ఎక్కువగా పట్టుకునే విభజన అదే. అందులో మూడు మెట్లున్నాయి.

మొదటిది, కావాలని చేసే ఓవర్‌రీచింగ్. పెద్ద టోర్నమెంట్‌కి కొన్ని వారాల ముందు కోచ్ కావాలనే భారం పెంచుతాడు, ఆట కొన్నాళ్ళు పడిపోతుంది, తర్వాత తగ్గించగానే కొన్ని రోజుల్లో లేదా రెండు మూడు వారాల్లో మునుపటికంటే మెరుగ్గా లేస్తుంది. ఇది తప్పు కాదు, పద్ధతి. రెండోది, లాభం లేని ఓవర్‌రీచింగ్. పడిపోయిన ఆట వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి తిరిగొస్తుంది, అది కూడా పాత స్థాయికే, అదనంగా ఏమీ రాదు. నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది, తరచూ జలుబు చేస్తుంది. మూడోది ఓవర్‌ట్రెయినింగ్ సిండ్రోమ్. ఇందులో కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది, కొందరు పాత స్థాయికి చేరనే చేరరు.

ఇక్కడే అసలు చిక్కు. రెండో మెట్టు మీద ఉన్నవాడినీ మూడో మెట్టు మీద ఉన్నవాడినీ పక్కపక్కన నిలబెడితే ఇవాళ తేడా కనబడదు. కోలుకోవడానికి ఎంతకాలం పట్టిందో చూసి, అప్పుడు వెనక్కి తిరిగి, ఓహో అది ఓవర్‌ట్రెయినింగ్ అన్నమాట అని చెప్పాలి. అంటే జబ్బు పేరు తేలేసరికి సీజన్ అయిపోయి ఉంటుంది. కాబట్టి మన దగ్గర రెండు రోజులు ఒళ్ళు నొప్పులు రాగానే “ఓవర్‌ట్రెయినింగ్ అయిపోయింది బ్రో” అనడం చాలా ఉదారంగా వాడుతున్న మాట. జిమ్‌కి వారానికి నాలుగు రోజులు వెళ్ళేవాళ్ళలో ఇది చాలా అరుదు. మారథాన్, ఈత, సైక్లింగ్, రోయింగ్ లాంటి గంటల తరబడి ఊపిరి పరీక్షించే ఆటల్లో ఎక్కువగా నమోదైంది. బరువులెత్తే శిక్షణలో దీని గురించి గట్టి ఆధారాలు చాలా తక్కువ.

అమెరికా మారథాన్ రన్నర్ రయాన్ హాల్‌ని ఎక్కువమంది ఉదాహరణగా చెబుతారు. 2007లో హాఫ్ మారథాన్ 59 నిమిషాల 43 సెకన్లలో, 2011లో బోస్టన్ మారథాన్ 2 గంటల 4 నిమిషాల 58 సెకన్లలో పరిగెత్తిన మనిషి. తర్వాత ఏళ్ళ తరబడి తీరని నీరసం, తక్కువ టెస్టోస్టెరాన్, వరసగా రద్దయిన రేసులు. 2016 జనవరిలో 33 ఏళ్ళకే ఇక చాలన్నాడు. మారథాన్‌లో అది ముగించే వయసు కాదు. అయితే అది ఓవర్‌ట్రెయినింగేనా, తిండి చాలకపోవడమా, రెండూనా అన్నది బయటినుంచి తేల్చగలిగే సంగతి కాదు.

ఒక్క టెస్టుతో ఎందుకు తేలదు

రక్తపరీక్షకి రాసిస్తే తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. కార్టిసాల్, టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లు, క్రియాటిన్ కైనేజ్ (కండరాలు నలిగినప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైమ్), పొద్దున్నే గుండె వేగం, హార్ట్ రేట్ వేరియబిలిటీ (గుండె దెబ్బల మధ్య వ్యవధిలో వచ్చే తేడా), ఇవన్నీ ఏళ్ళుగా పరిశోధించారు. ఒక్కటి కూడా ఒంటరిగా నిలబడలేదు. కొందరిలో పొద్దున గుండె వేగం పెరుగుతుంది, కొందరిలో తగ్గుతుంది. గట్టిగా ప్రాక్టీస్ చేసిన మర్నాడు ఆరోగ్యవంతుడిలో కూడా క్రియాటిన్ కైనేజ్ ఆకాశంలో ఉంటుంది.

బెల్జియం పరిశోధకుడు రొమైన్ మ్యూసెన్ బృందం ఒక తెలివైన పద్ధతి పెట్టింది. మనిషిని ఒకసారి పూర్తిగా అలిసేదాకా సైకిల్ తొక్కించి, నాలుగు గంటల తర్వాత మళ్ళీ తొక్కించి, రెండుసార్లూ హార్మోన్లు కొలవడం. రెండో మెట్టులో ఉన్నవాళ్ళకి రెండోసారి ఏసీటీహెచ్, ప్రోలాక్టిన్ అనే హార్మోన్లు విపరీతంగా పెరిగాయి, మూడో మెట్టులో ఉన్నవాళ్ళకి పెద్దగా కదల్లేదు. మెదడులోని నియంత్రణ కేంద్రం అసలు బదులివ్వడమే మానేసినట్టు. ఆసక్తికరమే, కానీ చూసింది చాలా కొద్దిమందిని, పైగా నీరసంతో ఉన్నవాడిని ఒకే రోజు రెండుసార్లు అలిసేదాకా తొక్కించడం మామూలు క్లినిక్‌లో అయ్యే పని కాదు.

దీనికంటే చవకైన పద్ధతే ఎక్కువ పనిచేసిందన్నది ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన విషయం. విస్కాన్సిన్ యూనివర్సిటీలో విలియం మోర్గాన్ పదేళ్ళ పాటు ఈతగాళ్ళకి మానసిక స్థితి ప్రశ్నపత్రం ఇస్తూ వచ్చి, 1987లో ఫలితాలు ప్రచురించాడు. ఈదే దూరం పెరిగేకొద్దీ కోపం, దిగులు, అలసట మెట్లుమెట్లుగా పెరిగాయి, దూరం తగ్గించగానే దిగివచ్చాయి. చాలాకాలం తర్వాత, 2016లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆటగాడు స్వయంగా చెప్పుకునే మాటే రక్తపరీక్షలకంటే త్వరగా, నిలకడగా భారాన్ని పట్టిస్తోందని తేలింది. “ఎలా ఉన్నావు? నిద్ర పట్టిందా? ప్రాక్టీస్‌కి రావాలనిపించిందా?” అని రోజూ అడిగి రాసుకోవడం అన్నమాట. దీనికో పెద్ద షరతు: ఆటగాడు నిజం చెప్పాలి. నిజం చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం ఉన్నచోట అందరూ “బాగున్నాను సార్” అనే రాస్తారు.

మరి డాక్టర్లు ఏం చేస్తారు? ముందు మిగతావన్నీ కొట్టేస్తూ వస్తారు. రక్తహీనత, థైరాయిడ్, ఈమధ్యే వచ్చిన టైఫాయిడ్, డెంగీ, చికున్‌గున్యా, డిప్రెషన్. మన రాష్ట్రాల్లో ఇది పుస్తకాల మాట కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటిచోట ఒక అథ్లెట్ అమ్మాయి 800 మీటర్ల టైమింగ్ పడిపోతే, మొదట అనుమానించాల్సింది సిండ్రోమ్‌ని కాదు, హిమోగ్లోబిన్‌ని.

తిండి చాలక వచ్చే అలసట

గత పదేళ్ళలో ఈ రంగాన్ని బాగా కుదిపిన ఆలోచన ఇది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ‘రెడ్-ఎస్’ (ఆటలో ఒంటికి శక్తి చాలకపోవడం) అనే పేరు తెచ్చింది, 2023లో దాన్ని ‘రెడ్స్’గా సవరించి మరింత వివరంగా ప్రకటించింది. సారం ఏంటంటే, తిన్నదాంట్లోంచి ఆటకి ఖర్చయింది తీసేస్తే మిగిలినదానితో శరీరం మిగతా పనులన్నీ నడపాలి. మిగిలింది చాలకపోతే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. ఆడపిల్లలకి నెలసరి ఆగుతుంది, మగవాళ్ళకి టెస్టోస్టెరాన్ తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి, నిద్ర చెడుతుంది, ఆట పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక అమ్మాయి బరువు 50 కిలోలు, కొవ్వు తీసేస్తే 40 కిలోలు అనుకుందాం. రోజుకి 1800 క్యాలరీలు తింటోంది, ప్రాక్టీస్‌లో 800 ఖర్చవుతోంది. మిగిలింది 1000, దాన్ని 40తో భాగిస్తే కిలోకి 25. ప్రయోగశాల అధ్యయనాల్లో కిలోకి 45 ఉంటే సరిపోతుందని, 30 కంటే దిగితే హార్మోన్లు చెదరడం మొదలవుతుందని చూశారు. 45 రావాలంటే ఆ అమ్మాయి 2600 తినాలి. ఆమె ఇప్పుడు తినేది మామూలు కాలేజీ అమ్మాయికి సరిపోయే తిండి, అందుకే ఇంట్లో ఎవరికీ తక్కువ అనిపించదు. ఈ 30 అనేది అందరికీ వర్తించే గీత కాదని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి, మనిషిని బట్టి మారుతుంది. దిశ మాత్రం అదే.

అమెరికా రన్నర్ మేరీ కెయిన్ 2019లో తన కథ బయటపెట్టినప్పుడు ఇదంతా ప్రపంచానికి తెలిసింది. టీనేజ్‌లోనే రికార్డులు కొట్టిన పిల్ల, నైకీ కంపెనీ నడిపిన శిక్షణ బృందం ఓరెగాన్ ప్రాజెక్ట్‌లో చేరాక బరువు తగ్గాలన్న ఒత్తిడిలో మూడేళ్ళు నెలసరి ఆగిపోయి, అయిదు ఎముకలు విరిగాయని చెప్పింది.

2021లో కొందరు పరిశోధకులు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. పాత ఓవర్‌ట్రెయినింగ్ అధ్యయనాలు తిరగేస్తే, తిండి వివరాలు ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆ ఆటగాళ్ళు సరిగా తినలేదనే చూపిస్తున్నాయి. మరైతే ఇన్నాళ్ళూ ఓవర్‌ట్రెయినింగ్ అనుకున్నదాంట్లో సగం ఆకలేనా? ఇంకా తేలలేదు. కానీ వీళ్ళకి ఉత్త విశ్రాంతి ఇస్తే లాభం లేదు. ప్రాక్టీస్ లేదు కదా అని ఆ వారం ఇంకా తక్కువ తింటే మరీ నష్టం.

బర్నౌట్ ఒంటిది కాదు, మనసుది

ఓవర్‌ట్రెయినింగ్‌లో ఉన్నవాడికి ఆడాలని ఉంటుంది, ఒళ్ళు సహకరించదు. బర్నౌట్‌లో ఉన్నవాడికి ఒళ్ళు బాగానే ఉండొచ్చు, బ్యాట్ పట్టుకోబుద్ధి కాదు. ఇది కాస్త ముతక విభజనే, రెండూ కలిసి ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఇక్కడ మొదలుపెడదాం.

ఈ మాట మొదట ఆటల్లోది కాదు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్ నడిపేవాళ్ళ గురించి రాసినప్పుడు వాడాడు. 1997లో థామస్ రేడెకి అనే పరిశోధకుడు దాన్ని ఆటగాళ్ళకి సరిపడేలా మూడు లక్షణాలుగా విడగొట్టాడు: ఒంట్లోనూ మనసులోనూ తీరని అలసట, ఎంత చేసినా ఏమీ సాధించట్లేదన్న భావన, ఆట మీదే మొహం మొత్తడం. మూడోదాన్నే గుర్తు పెట్టుకోవాలి. అలిసినవాడు ఓడితే బాధపడతాడు, బర్నౌట్ అయినవాడికి గెలిచినా ఓడినా ఒకటే.

విరాట్ కోహ్లీ 2022 ఆగస్టులో ఆసియా కప్ ముందు ఇచ్చిన ఇంటర్వ్యూ గుర్తుందా? పదేళ్ళలో మొదటిసారి ఒక నెల రోజులు బ్యాట్ ముట్టుకోలేదన్నాడు. ఆ మధ్య తన కసిని నటిస్తున్నట్టు అర్థమైందని, ఒళ్ళు ఆగమంటోందని, మనసు కూడా విరామం తీసుకోమంటోందని చెప్పాడు. ఫిట్‌నెస్ విషయంలో ఆ మనిషిని వేలెత్తి చూపేవాడు లేడు. 2019 నవంబరు తర్వాత సెంచరీ లేని దాదాపు మూడేళ్ళలో టెక్నిక్ మీద లక్ష విశ్లేషణలు వచ్చాయి. సెప్టెంబరు 8న దుబాయ్‌లో అఫ్గానిస్తాన్ మీద 122 నాటౌట్. ఆ నెల విరామమే సెంచరీకి కారణమని ఖాయంగా చెప్పలేం, ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. తనే స్వయంగా ఆ రెంటినీ కలిపి మాట్లాడాడు, అంతే.

టెన్నిస్ క్రీడాకారిణి యాష్ బార్టీది ఇంకా వింత దారి. పద్దెనిమిదేళ్ళకి టెన్నిస్ ఆపేసి, బ్రిస్బేన్ హీట్ తరఫున క్రికెట్ ఆడింది. 2016లో తిరిగొచ్చి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 2022 మార్చిలో ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే 25 ఏళ్ళకి పూర్తిగా మానేసింది. మొదటిసారి ఆపినప్పుడు ఆమె ఆట మారింది, మనుషులు మారారు, రోజు మారింది. ఉత్త విశ్రాంతికీ దీనికీ తేడా అక్కడుంది. అదే గ్రౌండ్, అదే కోచ్, అదే తిట్లు ఉన్నచోటికి పది రోజుల సెలవు తర్వాత తిరిగొస్తే పదకొండో రోజుకి మళ్ళీ మొదటికే.

బర్నౌట్ ఎందుకొస్తుందన్నదాని మీద వాదనలు ఒకదానికొకటి పొసగవు. రొనాల్డ్ స్మిత్ 1986లో చెప్పింది టెన్షన్ సిద్ధాంతం: మన మీద పడిన డిమాండ్లు మన శక్తికి మించాయనిపిస్తే, అది ఏళ్ళ తరబడి సాగితే, బర్నౌట్. జే కోక్లీ అనే సమాజ శాస్త్రవేత్త 1992లో దీన్ని తిప్పికొట్టాడు: తప్పు పిల్లవాడి ఓర్పులో లేదు, వాడి జీవితాన్ని ‘ప్లేయర్’ అన్న ఒక్క గుర్తింపుకి కుదించి, వాడి చేతిలో ఏ నిర్ణయమూ లేకుండా చేసిన వ్యవస్థలో ఉంది. రేడెకి ఈతగాళ్ళలో చూసింది ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఇష్టంతో ఆడేవాళ్ళకంటే, ఇష్టం పోయినా ఇప్పటికే పెట్టినదంతా వృథా అవుతుందని వేరే దారిలేక ఆడేవాళ్ళలో బర్నౌట్ ఎక్కువ. స్పోర్ట్స్ కోటా సీటు కోసం, కోటా ఉద్యోగం కోసం ఆడుతూ ఇంటర్ చదువు కూడా సగంలో వదిలేసినవాళ్ళని చూస్తే ఈ మూడో సిద్ధాంతం మన దగ్గరే రాశారేమో అనిపిస్తుంది.

భారాన్ని అంకెల్లో పెడితే ఏం తెలుస్తుంది

కార్ల్ ఫోస్టర్ అనే అమెరికా పరిశోధకుడు సులువైన లెక్క చెప్పాడు. ప్రాక్టీస్ ఎన్ని నిమిషాలో, ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేసి, రెంటినీ గుణించు. అదే ఆ రోజు భారం. ఇద్దరు బ్యాడ్మింటన్ పిల్లల్ని ఊహించుకుందాం.

మొదటి పిల్ల ఆరు రోజులూ ఒకే తీరు: 120 నిమిషాలు, కష్టం 6, రోజుకి 720. ఆదివారం సెలవు. వారానికి 4320. రెండో పిల్ల సోమ, బుధ, శుక్రవారాలు 150 నిమిషాలు 8 కష్టంతో చితక్కొడుతుంది, రోజుకి 1200. మంగళ, గురువారాలు గంటసేపు తేలిగ్గా, కష్టం 3, అంటే 180. శనివారం గంట, కష్టం 6, అంటే 360. ఆదివారం సెలవు. కలిపితే ఇదీ 4320.

మొత్తం ఒకటే. ఇప్పుడు రోజువారీ సగటుని రోజుల మధ్య హెచ్చుతగ్గులతో, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే మొదటి పిల్లకి సుమారు 2.3, రెండో పిల్లకి 1.1 వస్తుంది. దీన్ని ఫోస్టర్ మొనాటనీ, అంటే ఒకే తీరుగా సాగడం అన్నాడు, 2 దాటితే జాగ్రత్త అన్నాడు. దాన్ని మళ్ళీ వారం భారంతో గుణిస్తే మొదటిది దాదాపు 9800, రెండోది 4800. చూడ్డానికి రెండో పిల్లే ఎక్కువ కష్టపడుతున్నట్టుంది. కానీ రోజూ మధ్యస్తంగా, ఎప్పుడూ పూర్తిగా అలవకుండా, ఎప్పుడూ పూర్తిగా తేరుకోకుండా నడిచే మొదటి పిల్ల వారమే ఈ లెక్కలో రెట్టింపు బరువు. మన అకాడమీల్లో ఎక్కువగా కనిపించే వారం కూడా ఆ మొదటిదే.

ఇంకో లెక్క క్రికెట్ వాళ్ళ నోట ఎక్కువ వినబడుతుంది. ఈ వారం భారాన్ని, ఈ వారంతో కలిపి గత నాలుగు వారాల సగటుతో పోల్చడం. టిమ్ గాబెట్ అనే పరిశోధకుడు 2016లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు: నిష్పత్తి 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే క్షేమం, 1.5 దాటితే గాయం ప్రమాదం. మన కానిస్టేబుల్ అభ్యర్థి మూడు వారాలు పదేసి కిలోమీటర్లు పరిగెత్తి నాలుగో వారం 25 కొట్టాడనుకోండి, సగటు 13.75, నిష్పత్తి 1.8. పక్కనే ఇంకొకడు 40, 40, 40, 45 పరిగెత్తితే నిష్పత్తి 1.1. ఎక్కువ పరిగెత్తినవాడే క్షేమం. ఎక్కువ ఓవర్లు వేస్తున్న బౌలర్ ఎందుకు నిలబడతాడు, తక్కువ వేసినవాడు ఎందుకు పడిపోతాడు అన్నదానికి ఇందులో కొంత జవాబుంది.

కొంత మాత్రమే. 2020లో ఫ్రాంకో ఇంపెల్లిజెరి, మరికొందరు పరిశోధకులు ఈ నిష్పత్తిని చీల్చి చెండాడారు. గాయాలకి కారణం ఇదేనని చెప్పే ఆధారం లేదని, అంకెల్లోనే తిరకాసు ఉందని. ఆ తిరకాసు మనమే చూడొచ్చు. మూడు వారాలు అసలేమీ చేయకుండా నాలుగో వారం 5 కిలోమీటర్లు పరిగెత్తినా నిష్పత్తి 4, 25 పరిగెత్తినా 4. రెంటికీ ఒకే హెచ్చరిక ఇచ్చే మీటరుని ఎంతవరకు నమ్మాలి? అయినా జట్లు దీన్ని వాడుతూనే ఉన్నాయి, చేతిలో ఏ అంకే లేకపోవడంకంటే నయమని.

అసలు ఇలాంటి జబ్బు ఉందా?

నమ్మరు గానీ ఈ ప్రశ్న పరిశోధకులే అడిగారు. 2004లో హాల్సన్, యూకెండ్రప్ రాసిన ఒక సమీక్షకి పేరే ‘ఓవర్‌ట్రెయినింగ్ నిజంగా ఉందా’ అన్న అర్థంలో ఉంటుంది. ఇబ్బంది నైతికమైనది. ఒక ఆరోగ్యవంతుడైన ఆటగాడిని ప్రయోగం కోసం ఏడాది పాటు పాడుచేయడానికి ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి ప్రయోగాలన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి, మూడో మెట్టు గురించి తెలిసిందంతా అప్పటికే పడిపోయినవాళ్ళని చూసి తెలుసుకున్నదే. బ్రిటన్‌లో కొందరు డాక్టర్లు అందుకే ‘కారణం తెలియని ఆటతగ్గుదల’ అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. తప్పు ట్రెయినింగ్‌దేనని ముందే తీర్పు చెప్పేయకుండా. నాకు ఆ పేరు నచ్చింది, నిజాయితీ ఉంది. అయితే ఆ పేరుతో కోచ్ తేలిగ్గా తప్పించుకుంటాడు కదా అన్నది ఇంకో పక్షం, అదీ కొట్టిపారేయలేం.

కోచ్‌ల వాదన కూడా వినాలి. భారం మోయకుండా ఎవరూ పైకి రాలేదు. 2017 బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో గ్లాస్గోలో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహర 110 నిమిషాలు కొట్టుకున్నారు. ఆ 110 నిమిషాలు నిలబడే ఒళ్ళు తేలికపాటి ప్రాక్టీస్‌తో రాదు. గచ్చిబౌలి గోపీచంద్ అకాడమీలో తెల్లారకముందే మొదలయ్యే సెషన్లు, రియో ఒలింపిక్స్‌కి ముందు మూడు నెలలు సింధు ఫోన్ తీసేసుకోవడం, ఇవన్నీ మనం పతకాల వెనక కథలుగా చెప్పుకున్నాం. ఆ కథల్లో నిలబడినవాళ్ళే ఉంటారు. అదే దినచర్యతో మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఎంతమందో ఎవరూ రాయరు, కాబట్టి ఆ పద్ధతి పనిచేసిందా, ఆ పద్ధతిని తట్టుకోగల ఒళ్ళున్నవాళ్ళే మిగిలారా అన్నది తేల్చడం కష్టం.

పైస్థాయిలో ఆటగాడి చేతిలో లేనిది ఇంకోటుంది, క్యాలెండర్. 2018లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య టాప్ 15 సింగిల్స్ ఆటగాళ్ళు ఏడాదికి కనీసం 12 టోర్నమెంట్లు ఆడాలని నిబంధన పెట్టింది. గాయం నుంచి తిరిగొచ్చిన సైనా నెహ్వాల్ ఈ షెడ్యూల్ మరీ ఇరుకని బహిరంగంగానే అన్నారు. సమాఖ్య వైపు వాదన కూడా అర్థమవుతుంది: పెద్ద పేర్లు రాకపోతే టికెట్లు అమ్ముడుపోవు, టీవీ వాళ్ళు రారు, ఆ డబ్బే తిరిగి ప్రైజ్‌మనీ అవుతుంది.

పిల్లల దగ్గర గంటల లెక్క

షికాగో ప్రాంతంలో వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరిశీలించిన ఒక అధ్యయనంలో, వారానికి ఆడే గంటలు తమ వయసు అంకెని మించిన పిల్లల్లో తీవ్రమైన ఓవర్‌యూజ్ గాయాలు (అదే భాగాన్ని పదేపదే వాడటం వల్ల వచ్చేవి) ఎక్కువగా కనిపించాయి. పదకొండేళ్ళవాడికి పదకొండు గంటలు. మన దగ్గర పొద్దున రెండు, సాయంత్రం రెండు, వారానికి ఆరు రోజులు ఆడేవాడిది 24. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024 జనవరిలో ఇచ్చిన నివేదిక వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో రెండు మూడు నెలలు ఆ ఆట నుంచి దూరం ఉంచమంటోంది. ఒకే ఆటకి పరిమితం కావడాన్ని పదిహేను పదహారేళ్ళ దాకా వాయిదా వేయడం మేలని ఆ అకాడమీ 2016లోనే చెప్పింది.

జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల్లో అంత ఆలస్యం కుదరదని అకాడమీ కూడా ఒప్పుకుంటుంది. బ్యాడ్మింటన్ కోచ్‌లు తమదీ అలాంటి ఆటేనంటారు, పదేళ్ళ లోపు చేతికి రాని స్ట్రోకు తర్వాత రాదంటారు. ఇందులో కొంత నిజం ఉండొచ్చు, కానీ స్ట్రోకు నేర్చుకోవడానికి ఎన్ని గంటలు కావాలి, రోజుకి నాలుగు గంటలూ స్ట్రోకులకే పోతున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఆ నాలుగు గంటల్లో ఎక్కువ భాగం పరుగు, ఫిట్‌నెస్, కోర్టు ఖాళీ కోసం ఎదురుచూడటం. ఇక ఏడాదిలో రెండు మూడు నెలల విరామం అంటే, సబ్ జూనియర్, జూనియర్ ర్యాంకింగ్ టోర్నమెంట్ల మధ్య అంత ఖాళీ ఎక్కడుంది? ఒక టోర్నమెంట్ మానేస్తే ర్యాంకింగ్ పాయింట్లు పోతాయి, పాయింట్లు పోతే తర్వాతి టోర్నమెంట్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టాలి, అంటే ఇంకా ఎక్కువ మ్యాచ్‌లు.